పొగమంచు వెనుక ఊరు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు బొగ్గు కొండల్లో యాష్‌లాండ్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడ ఎత్తు మీద కుర్చీలో కూర్చున్న ఒక తల్లి విగ్రహం కనబడుతుంది. తల్లుల జ్ఞాపకార్థం 1938లో ఆ ఊరి బిడ్డలే నిలబెట్టుకున్నది. ఆ తల్లికి ఒక నమస్కారం పెట్టి, కొండదారిన మరికొంత దూరం పోతే సెంట్రేలియా వస్తుంది. వస్తుంది అనడమే గాని, వచ్చినట్టు తెలియదు. వీధులున్నవి, ఇళ్ళు లేవు. దారి పక్క అంచురాళ్ళున్నవి, వాటి వెనుక చెట్లు గుబురుగా పెరిగి ఉన్నవి.

మా మేనల్లుడు ఫిలడెల్ఫియాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి నుంచి రెండు గంటలకు పైగా కారు నడిపి, ఒక నాలుగు వీధుల కూడలిలో ఆపి, “మామయ్యా, ఇదే సైలెంట్ హిల్!” అన్నాడు గొప్పగా.

నిజానికి ఇది సైలెంట్ హిల్ కాదు. కాని ఆ పేరు చెప్పుకుని ఇక్కడికి వచ్చే కుర్రకారు చాలామంది ఉన్నారు. లేని ఊరి పేరు ఉన్న ఊరికి ఎట్లా అంటుకున్నదో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1999లో జపానులోని కొనామి సంస్థవారు ప్లేస్టేషన్ యంత్రం కోసం ‘సైలెంట్ హిల్’ అనే వీడియో ఆటను తయారుచేశారు. హ్యారీ మేసన్ అనే తండ్రి తప్పిపోయిన కూతురిని వెతుక్కుంటూ ఒక అమెరికా ఊళ్ళో తిరుగుతాడు. ఊరంతా పొగమంచు, నాలుగడుగుల అవతల ఏమున్నదో తెలియదు. ఆ మంచుకు అసలు కారణం వింటే నవ్వు వస్తుంది. దూరాన ఉన్న మేడలనూ వీధులనూ గీసి చూపే సత్తువ ఆనాటి యంత్రానికి లేదు. ఆ లోపం కనబడకుండా ఊరి మీద మంచు కప్పారు. చీర చిరుగు మీద ఇల్లాలు పువ్వు కుట్టినట్టు! చివరికి జనానికి ఆ పువ్వే నచ్చింది. ఆ ఊళ్ళో వీధుల పేర్లు కూడా బ్రాడ్‌బరీ, బ్లాక్ వంటి అమెరికా రచయితలవే. జపానువారు పుస్తకాల నుంచీ సినిమాల నుంచీ ఏరుకుని కట్టిన ఊరు అది.

దీనిని 2006లో క్రిస్టొఫ్ గాన్స్ అనే ఫ్రెంచి దర్శకుడు సినిమాగా తీశాడు. ఆటను సినిమా చేయడంలో పెద్ద చిక్కు ఒకటున్నది. ఆటలో తలుపు తీయాలా వద్దా అన్నది ఆడేవాడి ఇష్టం. చేయి వణికేదీ వాడిదే. సినిమాలో ఎవరో తలుపు తీస్తారు, మనం వేరుశెనక్కాయలు నములుతూ చూస్తాం. కాళ్ళకు పని లేనప్పుడు బుద్ధి ప్రశ్నలు వేస్తుంది: ఈ ఊరు ఎందుకిట్లా పాడుపడింది? ఈ మంచు ఎక్కడిది? ఆటకు అక్కరలేని జవాబు సినిమాకు కావలసివచ్చింది.

ఆ జవాబు రచయిత రోజర్ ఎవరీ దగ్గర దొరికింది. ఆయన తండ్రి గనుల ఇంజనీరు. చిన్నతనంలో కొడుక్కి సెంట్రేలియా కథలు చెప్పేవాడట. దానితో సినిమాలో ఊరి కింద బొగ్గు మండింది, ఆకాశం నుంచి బూడిద రాలింది. తండ్రికి బదులు రోజ్ అనే తల్లి బిడ్డను వెతకసాగింది. యామవోకా ఆట కోసం కట్టిన సంగీతాన్ని మాత్రం సినిమాలోనూ ఉంచుకున్నారు. కథ జపానుది, దర్శకుడు ఫ్రాన్సువాడు, చిత్రీకరణ కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్ మొదలైన చోట్ల, ఊరు వెస్ట్ వర్జీనియాలోనని సినిమాలో చెప్పడం, కష్టం మాత్రం సెంట్రేలియాది!

ఆ కష్టం 1962 మే నెలలో మొదలైంది. యుద్ధ వీరులను తలచుకునే పండుగకు ముందు ఊరు శుభ్రం చేయాలని, పాత గనిగోతిలో పోసిన చెత్తకు నిప్పు పెట్టారనీ, అది బొగ్గుపొరకు అంటుకున్నదనీ ఎక్కువమంది చెప్పే మాట. ఎన్ని విధాల ప్రయత్నించినా ఆరలేదు. ఈనాటికీ మండుతూనే ఉన్నది. మన ఝరియాలోనూ నూరేళ్ళకు పైగా గనులు ఇట్లాగే మండుతున్నవి, పైన జనం కాపురాలు చేస్తున్నారు. ఈ కష్టం ఒక్క దేశానిది కాదు.

1981లో పన్నెండేళ్ళ పిల్లవాడి కాళ్ళ కింద నేల కుంగి గొయ్యి పడింది. చెట్టు వేరు పట్టుకుని వేలాడుతుంటే బంధువుల పిల్లవాడు పైకి లాగాడు. వాసన లేని విషవాయువు ఇళ్ళలోకి వస్తున్నదేమోనని కనిపెట్టే యంత్రాలు పెట్టుకుని నిద్రపోయేవారు. పోదామనేవారు ఒక పక్షం, పోమనేవారు ఒక పక్షం. తరతరాల ఇరుగుపొరుగు మాటలు మానుకున్నారు. తెర మీది వికృతాకారాలకన్న నాకు ఇదే ఎక్కువ భయంగా తోచింది. గోడ అవతలి మనిషి పరాయివాడైపోతే, ఆ భయం రెండు గంటల్లో దిగేది కాదు.

1984లో ప్రభుత్వం 4 కోట్ల 20 లక్షల డాలర్లు కేటాయించి జనాన్ని తరలించసాగింది. 1980లో వెయ్యిమంది ఉన్న ఊళ్ళో 1990 నాటికి 63 మంది మిగిలారు. 2002లో తపాలా సంఖ్యను కూడా తీసివేశారు. పోనివారు కోర్టుకు వెళ్ళి, ప్రాణమున్నంత వరకు అక్కడే ఉండే హక్కును 2013లో సంపాదించుకున్నారు. 2020 జనాభా లెక్కలో ఐదుగురు.

సినిమా ఈ ఊరి పేరు వాడుకోలేదు. అయినా చూసినవారు వెతుక్కుంటూ వచ్చారు. మూసివేసిన పాత 61వ నెంబరు రోడ్డు ముప్పావు మైలు మేర రంగురంగుల రాతలతో నిండిపోయింది. జనం తాకిడి పడలేక స్థలం యజమానులు 2020లో దాన్ని మట్టితో పూడ్చివేశారు.

మేము వెళ్ళిన రోజు మంచు లేదు, పొగ లేదు, చక్కని ఎండ. మావాడు మొదట కాస్త నిరాశపడ్డాడు. శ్మశానవాటిక పక్కగా నడిచేటప్పుడు రాళ్ళ మీది ఇంటిపేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒకే ఇంటిపేరు మూడు నాలుగు తరాలకు కనబడేసరికి కెమెరా లోపల పెట్టేశాడు. “మామయ్యా, ఆటలో ఒక్క ఇంటివాళ్ళ పేరైనా నాకు గుర్తులేదు,” అన్నాడు.

ఇక్కడికి వెళ్ళదలచినవారు కొండ మీది ఉక్రెయిన్ క్రైస్తవుల గుడిని చూడకుండా రావద్దు. తెల్లని గోడలు, నీలి గుమ్మటాలు. 1911లో కట్టిన ఆ గుడి కింద బొగ్గు లేదు, గట్టి రాయి ఉన్నది. అందువల్ల నిలిచింది. ఊరు విడిచి వెళ్ళిన కుటుంబాలు ఇప్పటికీ ప్రార్థనకు ఆ మెట్లెక్కి వస్తూనే ఉన్నవి.