తెనాలిలో కాపురం, బెజవాడలో కొలువు

2016 జూన్‌లో నాకు బెజవాడ కాలేజీలో ఉద్యోగం ఖాయమైందని తెలియగానే ప్రొద్దుటూరులో మిత్రులందరూ జీతం ఎంతని అడిగారు. మా అమ్మ ఒక్కతే, "బాడుగ ఎంత నాయనా?" అని అడిగింది.

మా సీమలో ఇంటికి ఇచ్చేది బాడుగ. కోస్తాకు వచ్చేసరికి అది అద్దె అవుతుంది. బాడుగ అన్నమాట వాళ్లు బండికీ లారీకీ అట్టిపెట్టుకున్నారు. ఇల్లు వెతుకుతూ నేను "బాడుగ ఎంతండీ?" అంటే పటమటలో ఒక పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, "ఏ ఊరు మాస్టారూ మనది?" అన్నాడు. మాండలికాల మీద పాఠాలు చెప్పి బతికేవాణ్ణి గనుక ఆ ప్రశ్న నాకు ముచ్చటగానే ఉంది. తర్వాత ఆయన చెప్పిన అంకె మాత్రం ముచ్చటగా లేదు. రెండు గదుల వాటాకు 14,000. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మా అమ్మ మోకాళ్ల సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

ఆ రోజులు అలాంటివి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. కొత్త రాజధాని అమరావతి అన్నారు. 2016లో వెలగపూడిలో సచివాలయం లేచింది. హైదరాబాదు నుంచి ఉద్యోగులు మూటాముల్లె సర్దుకొని బెజవాడలోనూ గుంటూరులోనూ దిగుతున్నారు. వాళ్లకు 30 శాతం ఇంటి అద్దె భత్యం, వారానికి 5 రోజుల పని. పిల్లల చదువుల కోసం సంసారాన్ని అక్కడే ఉంచి తాము మాత్రం వచ్చినవాళ్లు ఎందరో. వాళ్ల రాకపోకలకు వీలుగా సికింద్రాబాదుకూ విజయవాడకూ మధ్య గుంటూరు మీదుగా ఒక ఇంటర్‌సిటీ రైలు కూడా ఆ జూన్‌లోనే వేశారు. ఇంటి యజమానుల కంటికి సూట్‌కేసుతో కనిపించిన ప్రతివాడూ సచివాలయం మనిషే. నేను తెలుగు లెక్చరర్ని మొర్రో అంటే వినేవాడెవడు?

అజిత్ సింగ్ నగర్‌లో ఒక ఇల్లు 9,000కు దొరికింది. కింది వాటా, గాలీ వెలుతురూ ఫరవాలేదు. నాకు నచ్చింది. మా ఆవిడ మాత్రం గుమ్మం పక్కన వరసగా పెట్టిన నీళ్ల డ్రమ్ముల్ని లెక్కపెట్టి, "ఇన్ని డ్రమ్ములున్నాయంటే కుళాయి రాదన్నమాట" అని బయటికి నడిచింది. ఆ డ్రమ్ముల పుణ్యం తర్వాత చెబుతాను.

చివరికి మా శాఖలోని ఒక సీనియరు, "తెనాలిలో ఉండరాదుటండీ? మేమంతా అక్కడినుంచే కదా రావటం!" అన్నారు. వెళ్లి చూస్తే ముందు వసారా, వెనక పెరడు, పెరట్లో నిమ్మచెట్టు, అద్దె 6,000. అమ్మ ఆ నిమ్మచెట్టు కింద నిలబడి ఇక కదలలేదు.

ఆ రాత్రి నేను కాగితం మీద లెక్క వేశాను. అద్దెలో మిగిలేది నెలకు 8,000. ఇంటినుంచి స్టేషను, బండికోసం నిరీక్షణ, సుమారు 32 కిలోమీటర్ల రైలు, అక్కడినుంచి పటమటకు సిటీబస్సు – అంతా కలిపి పోవటానికి 2 గంటలు, రావటానికి 2 గంటలు. నెలకు 24 రోజులు. వెరసి 96 గంటలు. 8,000ను 96 పెట్టి భాగిస్తే గంటకు 83 రూపాయల చిల్లర. జవాబు పత్రాలు దిద్దినా ఇంతకంటే గిట్టదు, పైగా రైల్లో చదువుకోవచ్చు. సీజను టికెట్టు ఖర్చా, ఇంటిల్లిపాదీ ఒకసారి సినిమాకు వెళ్లినంత కూడా కాదు. నా గణితానికి నేనే మురిసిపోయి కాగితాన్ని నిఘంటువులో దాచాను.

రైల్లో చదువుకోవచ్చునన్నది ఆ లెక్కలో మొదటి తప్పు. పొద్దున పాసింజరులో సీజను టికెట్టువాళ్లకు ఎవరి చోటు వాళ్లకు ఉంటుంది. అది దాదాపు వంశపారంపర్యం. కొత్తవాడు నిలబడాలి. నిలబడి నేను చదివింది కిటికీనే. కొలకలూరు, దుగ్గిరాల, చిలువూరు, పెదవడ్లపూడి, కొలనుకొండ, కృష్ణా కెనాల్ – ఈ వరస ఇప్పుడు నాకు తిథులకంటే బాగా వచ్చు. వానాకాలంలో పట్టాలకు రెండువైపులా నాట్లు. సంక్రాంతి వేళకు కుప్పలు. కోసిన మాగాణిలోనే మినుము మొలుస్తుంది, కొన్ని చేలల్లో జొన్న, మొక్కజొన్న. దుగ్గిరాలలో పసుపు యార్డుంది. పంట వచ్చే రోజుల్లో అక్కడ ఎక్కే హమాలీల చొక్కా చేతులు పచ్చగా ఉంటాయి. వాళ్లు ఆనుకున్న తలుపు కూడా కాసేపు పసుపు పూసిన గడపలా ఉంటుంది.

కృష్ణా కెనాల్ దాటగానే వంతెన. ఎడమ చేతివైపు ప్రకాశం బ్యారేజీ, దాని చివర ఇంద్రకీలాద్రి. 1855 నాటి పాత ఆనకట్టకు 1952లో గండి పడితే, దాని బదులు కట్టిన ఈ బ్యారేజీ 1957లో పూర్తయింది. తెనాలి నడిబొడ్డున పారే మూడు కాలువల నీళ్లూ ఇక్కడ, సీతానగరం దగ్గర మళ్లినవే. అంటే రోజూ సాయంత్రం ఆ నీళ్లూ నేనూ ఒకే చోటినుంచి బయలుదేరి ఒకే ఊరు చేరతాం. పెన్నలో ఇసుక చూస్తూ పెరిగినవాళ్లం. మొదటిసారి ఈ వంతెన మీద అమ్మ చీరకొంగు ముడివిప్పి రూపాయి నీళ్లలో వేసి, ఇంకొకటి వేద్దామా వద్దా అని చాలాసేపు ఆలోచించింది.

తెనాలి రామకృష్ణుణ్ణి వికటకవి అన్నారు. అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఆ మాట ఒకటే. తెనాలివాళ్ల దినచర్య కూడా అంతేనని మా బండిలో ఒక హాస్యం. రెండేళ్లు నేనూ నవ్వాను.

2018 నవంబరులో ఒక మధ్యాహ్నం మూడో పీరియడులో ఉండగా పక్కింటావిడ ఫోను చేసింది. "అన్నయ్యగారూ, పిన్నిగారు పెరట్లో పడిపోయారు. మావాడు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. మీరు కంగారు పడకండి" అంది. మా ఆవిడ పనిచేసే స్కూలు ఊరి రెండో కొసలో ఉంది. ఆమెకూ కబురు వెళ్లింది. నేను స్టేషనుకు పరుగెత్తి, అందిన బండి ఎక్కాను. వంతెన దాటాక బండి ఆగింది. ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. పక్కన పేకాట సాగుతోంది. 40 నిమిషాలు. గంటకు 83 రూపాయల చొప్పున ఆ 40 నిమిషాల వెల 55 రూపాయలని నా పాడుబుద్ధి లెక్కకట్టింది.

అమ్మకు తుంటి ఎముక విరిగింది. నేను చేరేసరికి ఎక్స్‌రే అయిపోయింది, మందులు వచ్చాయి, పక్కింటావిడ కొడుకు రక్తం ఎవరిస్తారో కూడా మాట్లాడి పెట్టాడు. నేను చేసిన పనల్లా కాగితాల మీద సంతకాలు.

ఆపరేషనై ఇంటికొచ్చాక, ఎంతయినా సరే బెజవాడకు మారిపోదామన్నాను. పాత కాగితం బయటికి తీశాను. మా ఆవిడ దాన్ని ఆసాంతం చదివి, "ఈ 96 గంటలూ మీవేనా?" అని అడిగింది. మీరు ఏడు గంటల బండి అందుకోవాలంటే నేను నాలుగున్నరకు లేస్తున్నాను. ఆ గంటలు ఇందులో ఏవీ? పిల్లకు మీరు ఆదివారం తప్ప కనిపించరు, ఆ గంటలేవీ? ఆమె గొంతు పెంచలేదు. పెన్సిలు తీసుకొని పక్కన ఇంకొక వరస గీసి, అంకెలు వేయకుండా వదిలేసింది. ఇన్నాళ్ల లెక్కల పొగరు ఆ ఖాళీ వరస ముందు నిలవలేదు.

అయితే అమ్మ ఒప్పుకోలేదు. "ఆడ మూడో అంతస్తులో నేను పడితే ఎవరొస్తారు? నువ్వు ఊర్లోనే ఉన్నా క్లాసులో ఉంటావు. ఈడ గోడవతల నుంచి 'అమ్మా' అన్నానో లేదో ఆ యమ్మ వచ్చె. అట్లాంటి మనిషిని బాడుగకు తెస్తావా?" అంది. నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు. ఆమె మాట ఎంత నిజమో మా ఆవిడ మాటా అంత నిజం. చేసిందల్లా ఒకటే: ప్రిన్సిపాలుగారిని బతిమాలి, ఒక గంట తర్వాతి ఎక్స్‌ప్రెస్సుకు సరిపోయేలా మొదటి పీరియడు మార్పించుకున్నాను. ఆ గంట మా ఆవిడ నిద్రకు చేరింది.

2020లో నా లెక్కలో ఇంకో బొక్క బయటపడింది. మార్చిలో రైళ్లు నిలిచిపోయాయి. కాలేజీలు తెరిచినా పాసింజర్లు చాలాకాలం రాలేదు. నా కాగితంలో రైలంటే సూర్యచంద్రుల్లాంటిది, ఆగుతుందని ఎవరనుకున్నారు? ఎర్రబస్సులో దుగ్గిరాల మీదుగా పడుతూ లేస్తూ నెలల తరబడి తిరిగాను. మిగిలిన 8,000లో సగం ఆ రోజుల్లో నడుంనొప్పి మందులకే పోయింది.

ఇక ఆ డ్రమ్ముల సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్‌ను ముంచేసింది. మర్నాడు బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. బ్యారేజీ చరిత్రలో అంత నీరు ఎన్నడూ లేదు. పది రోజుల తర్వాత అక్కడున్న ఒక సహోద్యోగిని పరామర్శించటానికి వెళ్లి, దారిలో మేము వదులుకున్న ఇల్లు చూశాను. కిటికీ పై అంచు దాకా బురద గీత. మంచాలూ పరుపులూ పుస్తకాలూ వీధిలో ఆరబోసి ఉన్నాయి. పుస్తకాల దగ్గర నిలబడలేక వచ్చేశాను. ఇంటికొచ్చి చెబితే అమ్మ, "బాడుగ తక్కువని నువ్వు సరేనన్నది ఆ ఇల్లేనా?" అంది. అదేనన్నాను.

మా అమ్మాయి 2016లో ఎనిమిదేళ్ల పిల్ల. నేను ఇల్లు చేరేసరికి నిద్రపోయేది. ఇప్పుడు బెజవాడలోనే డిగ్రీలో చేరింది. రోజూ పొద్దున నాతోపాటే వస్తుంది. నేను నిలబడి చదివిన కిటికీ పక్క చోటు పేకాటవాళ్లు మొదటిరోజే ఆమెకు ఖాళీ చేసి ఇచ్చారు. బండి కొలకలూరు దాటే లోపల కబుర్లు మొదలుపెడితే వంతెన దాకా ఆపదు. ఆ మధ్య ఒకసారి బండి వంతెనకు ఇవతల అరగంట ఆగింది. అప్పుడే ఎందుకు కదిలిందా అనుకున్నాను.