ఆగవలసిన చోట ఆగే కిరణం

వైద్యశాస్త్రాన్ని గురించి వ్రాయడానికి మేము అధికారులము కాము. భాషాబోధన మా వృత్తి. అయినా మా ఖాలా అనుభవించిన కష్టం మమ్ము ఈ విషయం వైపు నడిపించింది.

ఆమెది కరీంనగరం. పానులో జర్దా ఆమెకు చిరకాలపు అలవాటు. నాలుక ప్రక్కన లేచిన పుండును వేడి చేసిందనుకొని ఇంటిల్లిపాదిమీ ఏడాదిపాటు ఉపేక్షించాము. చివరకు హైదరాబాదులో ఎక్స్‌రే కిరణాలతో చికిత్స జరిగింది. వ్యాధి లొంగింది, కాని లాలాజల గ్రంథులు దెబ్బతిన్నవి. రంజాను మాసంలో ఇఫ్తారు వేళ ఖర్జూరపు ముక్కను సైతం నీటిగుక్క లేనిదే ఆమె మింగలేకపోయేది. మేము బాధపడితే, "పెనం కాలకుండా రొట్టె కాలుతుందా, బేటా?" అని నవ్వేది.

పెనాన్ని చాలవరకు కాపాడుతూ రొట్టెను కాల్చే నిప్పు కూడా ఉన్నదని తరువాత చదివాము. ఎక్స్‌రే కిరణం కణితిని దాటి ఆవలి అవయవాలకు కూడా సోకుతుంది. ప్రోటాను అట్లు కాదు. విద్యుదావేశం గల ఆ కణం దారిలో కొద్దిపాటి శక్తినే విడుస్తూ, వేగం తగ్గినకొలదీ అధికంగా విడిచి, నిర్ణయించిన లోతున నిలిచిపోతుంది. ఆవేశకణాల ఈ స్వభావాన్ని 1904లో విలియం హెన్రీ బ్రాగ్ ఆల్ఫా కణాలలో గుర్తించాడు. దానిని చికిత్సకు వినియోగించవచ్చునని 1946లో రాబర్ట్ విల్సన్ సూచించాడు. 1954లో అమెరికాలోని బర్క్‌లీలో తొలిసారి రోగికి ప్రోటాన్లతో చికిత్స చేశారు. మన దేశంలో 2019 జనవరిలో చెన్నైలో అపోలో ప్రోటాన్ కేంద్రం ప్రారంభమైంది. 23 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ప్రోటాను దేహంలో సుమారు 32 సెంటీమీటర్ల లోతుకు చేరగలదు. పసిపిల్లల మెదడు, వెన్ను, కంటి చెంత గల కణితులకు ఇది విశేషంగా ఉపకరిస్తుంది. నోటి, మెడ కణితులలో లాలాజల గ్రంథులను కాపాడడానికి కూడా వాడుతున్నారు. అయితే ఇది రోగులందరికీ అవసరం కాదు.

మంచిర్యాల, రామగుండం మీదుగా చెన్నై రైళ్లు పోతూనే ఉంటాయి. రైలు టిక్కెట్టు కొనగలము. లక్షల రూపాయల చికిత్సను కొనగలవారు మనలో ఎందరు?

కాని మా మనసును కలచేది మరొక ఆలోచన. తొలినాళ్లలోనే వైద్యునికి చూపి ఉంటే, శస్త్రచికిత్స ఒక్కటే సరిపోయేదేమో. ఏ కిరణంతోనూ పని ఉండేది కాదేమో. కనుక కరీంనగరం, ఆదిలాబాదు పల్లెల నుండి వచ్చే మా విద్యార్థులకు మేము చెప్పేది ఇది: ఇంట్లో ఎవరికైనా నోటిపుండు రెండు వారాలకు మానకపోతే, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపొండి. మా ఖాలా విషయంలో ఏడాది కాలం జాగు చేసినవారము మేమే.