నూరుకి వయసు కలిపితే

మా బాబాయిది ఒక లెక్క. నూరుకి వయసు కలిపితే ఎంతొస్తుందో అంతదాకా బీపీ ఉండొచ్చట. ఆయనకిప్పుడు 72. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు మిషన్ 168 చూపిస్తే, "ఇంకా నాలుగు మిగులున్నాయిరా" అన్నాడు, పాస్‌బుక్కు చూసి చెప్పినట్టు.

నవ్వకండి. ఒకప్పుడు డాక్టర్లే ఆ మాట చెప్పేవారు. వయసు మళ్లేకొద్దీ రక్తనాళాలు బిరుసెక్కి పై అంకె ఎగబాకుతుంది, అరవై దగ్గరపడ్డాక కిందిది తగ్గుతుంది కూడా. అంతవరకూ నిజమే. అందరికీ పెరుగుతోంది కదా, పెరిగినా ఫరవాలేదనుకున్నారు చూడండీ, అక్కడ దెబ్బతిన్నారు. తెల్లజుట్టుకి మెదడూ గుండే కన్సెషన్ ఇవ్వవు. 140 దాటితే ఏ వయసులోనైనా చూపించుకోవాల్సిందే.

అలాగని ఒకే అంకె పట్టుకుని అందర్నీ కొలవలేం. పురిటిబిడ్డకి పైది 70 ఉంటే హాయిగా నిద్రపోతుంది, మనకి 70 వస్తే అంబులెన్సు పిలవాలి. పిల్లలకైతే వయసూ ఎత్తూ, ఆడో మగో చూసి పట్టికలో వెతుకుతారు. పెద్దయ్యాక 120/80 లోపుంటే మేలు. కడుపుతో ఉన్నవాళ్లకి మధ్య నెలల్లో కాస్త తగ్గి, నెలలు నిండేసరికి మళ్లీ మామూలుకొస్తుంది. ఐదో నెల దాటాక 140/90 కనబడితే మాత్రం రేపు చూద్దామనకండి. తలనొప్పీ, కళ్లు మసకలూ తోడైతే ఆ గంటే ఆస్పత్రికి.

ఇక బాబాయి సంగతి. మెట్లెక్కి వచ్చాడు, కాఫీ తాగాడు, కాలు మీద కాలేసుకుని రాజకీయాలు మాట్లాడుతూనే చెయ్యి చాపాడు. అది బీపీ కొలత కాదు, ఎన్నికల వేడి కొలత! అరగంట ఆగి, కుర్చీలో వెనక్కి ఆనించి, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి, అయిదు నిమిషాలు మాట్లాడొద్దన్నాను. ఆ అయిదు నిమిషాలే ఆయనకి అసలు కష్టం. 154 వచ్చింది.

"చూశావా, 18 మిగిలాయి!"

ఆ లెక్క పక్కన పెట్టి మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నిలబెట్టి కూడా ఒకసారి చూశారు. ముసలితనంలో లేచి నిలబడగానే 20 దాకా పడిపోయి తూలిపడేవాళ్లుంటారు, మాత్ర రాసేముందు అది తెలియాలి. మాత్రతోపాటు ఉప్పు రోజుకి చెంచాడు లోపే అన్నారు. ఆవకాయ, వడియాలు, మజ్జిగ మిరపకాయలు అన్నీ ఆ చెంచాలోకే వస్తాయని తెలిశాక బాబాయి మొహం చూడాల్సింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి బాబాయి ఉంటే, ఈసారి కాఫీ ఇవ్వకముందే బీపీ పట్టీ కట్టండి.