మా ఇంటి పొయ్యి

మాది సారపాక. గోదావరికి ఆవలి ఒడ్డున భద్రాచలము, ఈవలి ఒడ్డున మా పేట. 1979లో ఉత్పత్తి ప్రారంభించిన కాగితపు మిల్లు వలన మా ప్రాంతమున జామాయిల్ తోటలు పెరిగినవి. దుంగలు మిల్లుకు పోగా మిగిలిన కొమ్మరెమ్మలే చాలాకాలము మావంటివారికి వంటచెరకైనవి. ఆ కర్ర ఎండినచో భగ్గున అంటుకొనును. తడిగా ఉన్నచో దాని పొగ కన్ను తెరువనీయదు. ఆ పొగలోనే మా దాదీమా నలభై యేండ్లు గొట్టముతో పొయ్యి ఊదినారు.

ఇంటిలో గ్యాసు లేకపోలేదు. 1999లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన దీపం పథకము కింద వచ్చిన కనెక్షను ఉన్నది. కాని అది చాయకు, అతిథులకు మాత్రమే. అన్నము, పప్పు కట్టెలపైననే. సిలిండరులో ఉండునది 14.2 కిలోలు, అది ఎప్పుడు అయిపోవునోనను భయము ఇంటిల్లిపాదికీ ఉండెడిది.

2022 వేసవిలో దాదీమా దగ్గు ముదిరినది. ఇక పొగ దగ్గరకు పోరాదని డాక్టరుగారు గట్టిగా చెప్పినారు. అప్పటికి సిలిండరు ధర వెయ్యి రూపాయలు దాటినది. అబ్బాజాన్ కుట్టుపని సంపాదనతో ఒక్క వస్తువు కొనుటకే వీలున్నది. ఏది కొనవలెను? చదువుకొన్నవారము గనుక మేము అక్కాతమ్ముళ్ళము ఇండక్షన్ పొయ్యి పక్షము వహించినాము. దాదీమా వాదించలేదు. "బేటా, మన గిన్నెలు దానిమీద ఉడుకుతాయా?" అని మాత్రము అడిగినారు.

ఆ పొయ్యి అయస్కాంత క్షేత్రముతో పనిచేయును; అయస్కాంతము అంటని పాత్ర దానిపై వేడెక్కదు. పాత రేడియో స్పీకరులోని అయస్కాంతము ఊడదీసి గిన్నెలన్నిటికీ అంటించి చూచినాము. పెనమునకు అంటినది, ఒక స్టీలు గిన్నెకు అంటినది. అల్యూమినియం గిన్నెలకు అంటలేదు. దాదీమా పెండ్లినాటి కళాయి పూసిన రాగి దేగ్చీకి అసలే అంటలేదు. ఈద్ నాడు బిర్యానీకి దమ్ము పట్టునది అందులోనే గదా! పొయ్యి కొని గిన్నెలన్నీ మార్చుట మా తరము కాదు.

చివరకు ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కరు కొన్నాము. ఆవిరిని బిగబట్టి నీటిని నూరు డిగ్రీలకు బదులు సుమారు 120 డిగ్రీల వద్ద మరిగించుటే దాని కిటుకు. గంటసేపు ఉడికెడి కందిపప్పు నాలుగు విజిళ్ళకే మెత్తబడినది. దాదీమా తొలిసారి పప్పును గ్యాసుమీద పెట్టనిచ్చినారు. మా దృష్టిలో వంటింటికి దీనిని మించిన వస్తువు లేదు. విజిలుకు మా పిల్లి పారిపోవుట వేరు సంగతి.

ఆ జూలైలోనే గోదావరి పొంగినది. భద్రాచలము వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు ఇత్తురు. ఆ యేడు నీరు 71 అడుగులు దాటినది. వంతెనపై రాకపోకలు ఆపివేసినారు. మా వీధిలో కరెంటు లేదు. పల్లపు వీధులనుండి బంధువులు రాగా మెరకనున్న మా ఇంటిలో పదునలుగురమైనాము. రెండవనాడు మధ్యాహ్నము గ్యాసు అయిపోయినది. దాదీమా లేచి, పెరటి చూరు కిందినుండి మట్టిపొయ్యి ఇవతలికి లాగించినారు. ఉన్నదంతా తడిసిన జామాయిల్. మేము ఊదబోగా గొట్టము లాగుకొని, "మీకు చేతకాదు, జరగండి" అన్నారు. రాగి దేగ్చీలో ఖిచ్డీ ఉడికినది. పదునలుగురమూ తిన్నాము. ఆ రాత్రి ఆమె దగ్గు వినుచు ఎవరమూ నిద్రపోలేదు. అది వారము వరకు తగ్గలేదు.

నీరు తీయగానే అబ్బాజాన్ అప్పుచేసి రెండవ సిలిండరు తెచ్చినారు. ఆరుద్ర కార్తె వచ్చులోగా దానిని నింపి ఉంచుట ఇప్పుడు మా ఇంటి నియమము. అయినను మట్టిపొయ్యిని పారవేయుటకు దాదీమా ఒప్పుకొనలేదు. అది చూరు కిందనే ఉన్నది. పక్కన ఎండుకట్టెల మోపునకు టార్పాలిన్ కప్పినాము. ఊదుగొట్టము మాత్రము మేము దాచినాము.