మూడో కోడి

అనపర్తి దాటి పొలాల వైపు తిరిగామో లేదో, ముందు వాసన తగిలింది. షెడ్లు ఆ తర్వాత కనిపించాయి. గేటు దగ్గర మందునీళ్ల తొట్టెలో చెప్పులు ముంచి లోపలికి అడుగు పెట్టగానే వేల కోళ్లు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. కొత్త మనిషిని చూస్తే అంతేనట. అర నిమిషంలో మళ్లీ గోల మొదలైంది.

షెడ్డును స్తంభాల మీద ఎత్తుగా కట్టారు. పైన ఇనుప కమ్మీల కేజ్‌లు మెట్లు మెట్లుగా ఉన్నాయి. రెట్ట కింద పడి గుట్టలవుతుంది. పొలాలకీ చేపల చెరువులకీ ఎరువుగా పోతుంది. కేజ్ అడుగు కాస్త ఏటవాలు. పెట్టిన గుడ్డు పెట్టినట్టే ముందుకు దొర్లి కమ్మీ వంపులో ఆగుతుంది. మా అమ్మమ్మగారింట్లో కోడి గుడ్డు పెట్టే వేళకు ఇల్లంతా తిరిగి, చివరికి గడ్డివామి సందులోనో అటక మీద పాత గంపలోనో దూరేది. ఇక్కడా కోళ్లు ఆ వేళకు అటూ ఇటూ మసలుతూనే ఉన్నాయి. కాకపోతే అటూ లేదు, ఇటూ లేదు.

"కొలుచుకోండి, దాచేదేముందండీ?" అంటూ రైతే టేపు ఇచ్చారు. వెడల్పు పదిహేను అంగుళాలు, లోతు పన్నెండు. అందులో మూడు కోళ్లు. ఒక్కోదానికి దక్కేది సుమారు 387 చదరపు సెంటీమీటర్లు. నా చేతిలోని కాగితం, మామూలు ఏ4, అంతకంటే చాలా పెద్దది. కోడి రెక్కలు పూర్తిగా చాపితే రెండడుగులు దాటుతుంది.

జంతువు కదలడానికి చాలినంత చోటు లేని బోనులో ఉంచడం నేరమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ చెబుతూనే ఉంది. మొదటిసారి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. నా పక్కనున్న ట్రేలో ముప్పై గుడ్లు. వాటి ధరే అంతకు మూడింతలు. ఈ కేజ్‌ల సంగతి 2017లో లా కమిషన్ తన 269వ నివేదికలో ప్రత్యేకంగా పరిశీలించింది. 2023 నిబంధనలు కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు ఉండాలన్నాయి. అది కూడా ఏ4 కాగితం కన్నా తక్కువే. యూరోపియన్ యూనియన్ ఇలాంటి ఉత్త కేజ్‌లను 2012 నుంచే వద్దంది.

ఆ 550 లెక్క వినగానే రైతు వేళ్లు మడిచారు. "అంటే మూడో కోడిని తీసెయ్యాలి. షెడ్డు అదే, బ్యాంకు వాయిదా అదే. మూడో వంతు గుడ్లు పోతాయి. మరి మీరు రేటు పెంచి కొంటారా అండీ?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. మా వీధి కొట్లో అర్ధరూపాయి పెరిగితే గొణిగేది నేనే.

ఆయన్ని దుర్మార్గుడనుకోవడం తేలిక, అది నిజం కాదు. మే నెలలో ఎండ ముదిరితే కోళ్లు రాలిపోతాయని షెడ్డు మీద నీళ్లు చల్లిస్తూ రాత్రంతా మేలుకుంటారు. రోజూ ఉదయాన్నే ఫోన్లో నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) చెప్పే ధర చూసుకుంటారు. ఆ నెక్‌ను 1982లో నిలబెట్టిన బి.వి. రావు తెలుగువాడే, దళారీ చేతిలో నలిగే రైతుకు ధర చెప్పే నోరు ఇచ్చాడు. కోడికి చోటు గురించి అప్పుడెవరూ అడగలేదు. అడిగేవాళ్లు లేకపోవడం వల్లే గుడ్డు అంత చౌకగా బడి పిల్లల పళ్లెందాకా వెళ్లిందని కూడా ఒప్పుకోవాలి. నాకు ఇబ్బందిగా ఉన్నది ఆ చివరి మాటే. ఆ చౌకలో మనం కట్టకుండా వదిలేసింది కోడి కడుతోంది.

పిల్లగా ఉన్నప్పుడే ముక్కు కొన కాల్చిన గుర్తు ప్రతి కోడికీ ఉంది, ఒకదాన్నొకటి పొడుచుకు చంపుకోకుండా. ఇరుకు వల్లే పొడుచుకుంటాయి కదా అని అడిగితే రైతు నవ్వి ఊరుకున్నారు.

బయటికి వస్తూ షెడ్డు కిందికి తొంగి చూశాను. ఎరువు గుట్ట మీద ఒక తెల్లకోడి ఒంటరిగా కాళ్లతో కెలుకుతోంది. కేజ్ తలుపు సరిగా పడక జారిపోయిందట.

"వారమైందండి," అంది గుడ్లు ఏరే ఆమె. "ఎంత తరిమినా చిక్కదు. గుడ్డు మాత్రం రోజూ పెడుతోంది, అరుపు వినిపిస్తుంది. ఎక్కడ దాస్తోందో ఇంతవరకు దొరకలేదు."