తావెరిగిన పొర

మనము మ్రింగెడి మాత్ర చిన్నదే యైనను దాని ప్రయాణము దీర్ఘమైనది. నోటినుండి జీర్ణాశయమునకు, అచ్చటినుండి చిన్న ప్రేగునకు అది పోవలెను. జీర్ణాశయమున తీక్ష్ణమైన ఆమ్లము కలదు. కొన్ని మందులు అందు పడి చెడిపోవును. మరికొన్ని ఆ ఆశయపు గోడనే గాయపరచును. అట్టి మందులు ప్రేగును చేరువరకు దాగియుండవలెను. అందులకై మాత్రపై పలుచని పొర యొకటి పూయుదురు.

ఆ పొరకు చిరకాలముగా వాడుకలోనున్న ద్రవ్యములలో లక్క యొకటి. పాండవులను దహింపగోరి దుర్యోధనుడు కట్టించిన లక్కయింటి కథ మీరు వినియే యుందురు. మోదుగ, రేగు చెట్లపై నివసించు చిన్న పురుగులు స్రవించునది ఆ లక్కయే. శుద్ధిచేసిన లక్క ఆమ్లమున కరగదు. ఆమ్లము తగ్గిన ప్రేగులో మెల్లగా కరగును. రాంచీ సమీపమున లక్కను గూర్చి పరిశోధించు సంస్థ 1924లోనే వెలసినది.

మా అక్కగారు వైద్యుని సలహాపై ఇట్టి పొరగల ఆస్పిరిన్ మాత్ర వాడుచుండెడివారు. మ్రింగుట కష్టమై, చూర్ణమునకు అనుపానము చేర్చు పాత యలవాటు చొప్పున, దానిని కల్వమున నూరి తేనెతో పుచ్చుకొనిరి. కొలది దినములకే కడుపులో మంట యారంభమైనది. వైద్యుడు సంగతి విని, “అమ్మా! ఈ పొర మీ కడుపును కాపాడుటకు పూసినది. దీనిని నూరవలదు. మ్రింగలేనిచో చెప్పుడు, వేరు మందు వ్రాసెదను” అనెను. మందు మార్చిన పిదప ఆమెకు మంట తగ్గినది.

నేడు శాస్త్రజ్ఞులు ఇట్టి పొరలకై ప్రకృతినే వెదకుచున్నారు. రొయ్యల, పీతల పెంకులనుండి తీయు కైటోసాన్ ఆమ్లమున కరగును. సముద్రపు గోధుమవన్నె నాచునుండి తీయు ఆల్జినేట్ ఆమ్లమున ముడుచుకొని, ప్రేగులో ఉబ్బును. ఈ రెంటిని జతపరచి, మందు ఎచ్చట, ఎంత మెల్లగా వెలువడవలెనో నిర్ణయింప యత్నించుచున్నారు.

ఈ కృషి ఏల? 1922లో టొరాంటో నగరమున 14 ఏండ్ల బాలుడు లియొనార్డ్ థాంప్సన్‌కు మధుమేహమునకై ఇన్సులిన్ సూదిద్వారా ఇచ్చిరి. ఇన్సులిన్ మాంసకృత్తు, మ్రింగినచో అన్నమువలెనే జీర్ణమైపోవును. కావున మీ యీడు పిల్లలెందరో నేటికిని నిత్యము సూదిపోటు సహించుచున్నారు. దానిని చెడకుండ లోనికి చేర్చగల పొర లభించినచో వారి బాధ ఎంత తగ్గును!

బాలబాలికలారా! ఇంట పెద్దలకు మాత్రలందించువారు తరచు మీరే. విరుచుటకును, నూరుటకును ముందు వైద్యుని అడుగుడు. ఆ పలుచని పొర వెనుక ఎందరి శ్రమయో కలదు.