తిరుగుదారి బరువు

తొలిసారి వేటకు బయలుదేరువాడు ఆయుధమును గూర్చి ఆలోచించినంతగా సంచిని గూర్చి ఆలోచింపడు. వేట యనగానే మన మనస్సునకు విల్లు తోచును, తుపాకి తోచును, కుక్కల అరుపులు తోచును. పడిన జంతువును కొండచరియనుండి ఊరిదాక మోసికొనివచ్చు వీపు మాత్రము తోచదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్రములలో కిరాతార్జునీయ ఘట్టము గలదు. కిరాతవేషధారియైన శివుడును, తపస్సునుండి లేచి విల్లందుకొనిన అర్జునుడును ఒక్క వరాహమునే కొట్టి, నాదనగా నాదని కలహించిన కథ అది. అచ్యుతదేవరాయల కాలమున, పెనుకొండలో కోశాధికారిగానుండిన విరూపణ్ణ కట్టించిన ఆ మండపమున నిలిచి తలయెత్తి చూచినప్పుడెల్ల నాకొక సందేహము కలుగుచుండును: ఆ పందిని పిమ్మట మోసినదెవరు? పురాణమునకు అక్కరలేని ఆ ప్రశ్నయే అడవికి పోవువానికి మొట్టమొదటి ప్రశ్న.

మన కావ్యములలో తొలివేట అనిన స్మృతికి వచ్చువాడు తిన్నడు, అనగా కన్నప్ప. పాల్కురికి సోమనాథుడు బసవపురాణములోను, ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యములోను ఆతని కథ చెప్పిరి. ఎఱుకల పల్లెలో పుట్టి, వేట నేర్చి, పందిని తరుముకొనుచు అడవిలోనికి పోయి అచ్చట శివలింగమును కనుగొనిన ఆ బాలుడు, స్వామికి మాంసమును ఆకుదొప్పలో పట్టుకొని, అభిషేకజలమును పుక్కిట నింపుకొని, పూలను తలవెండ్రుకలలో తురుముకొని పరుగెత్తి వచ్చినాడని లోకప్రసిద్ధి. భక్తులు దీనియందు భక్తిపారవశ్యమును చూతురు, నేనును చూతును. అయినను ఒకచేత విల్లును, ఒకచేత దొప్పయు పట్టిన వానికి, వీపున సంచి లేనివానికి, నోరును తలయు తప్ప వేరు తావు లేదుగదా యను విచారము కూడ నాకు ఆ కథ వినునప్పుడు కలుగును. ఆ కథను అల్లినవారు అడవి నడక నెరిగినవారని దానివలననే నమ్ముచున్నాను.

పెద్ద మృగముల వేట నేటికిని చట్టసమ్మతముగా సాగుచున్న అమెరికా, కెనడా దేశములలో సంచిని కొనుటయే ఒక శాస్త్రము. అచ్చటి పర్వతములలో ఎల్క్ అను పెద్ద దుప్పిని కొట్టినవాడు, అది పడినచోటనే దానిని కోసి, ఎముకలు తీసి, మాంసమును మూటలు కట్టి మోసికొని దిగవలెను. ఆ మాంసము ఒక్క మనుష్యుడు ఒక్క పర్యాయము మోయగలిగినది కాదు. అందుచేత వారు జేబులెన్నియని చూడక, సంచివెనుక చట్రము ఎంత గట్టిదో చూతురు. చట్రమునకును సంచికిని నడుమ మూటను బిగించుటకు వీలున్నదా యని చూతురు. పోవునప్పుడు సగము వట్టిదిగానుండు సంచి వచ్చునప్పుడు వంచక మోయునా యని చూతురు. చేతిలో తక్కువ డబ్బున్న క్రొత్తవాడు మంచి చట్రమొకటి కొని, పైసంచి పాతదైనను సరిపుచ్చుకొనవచ్చును; చట్రమే బలహీనమైనచో ఎంత వెలగల పైసంచియు వానిని ఆదుకొనదు. సంచిని తిరుగుప్రయాణమునకు కొనవలెనను ఈ యొక్క బుద్ధి ఆ వేటగాండ్ర వద్దనుండి మనమును గ్రహింపదగినది.

మన దేశమున వేట అధ్యాయము ముగిసినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను కట్టడి చేసెను. 1991 సవరణముతో లైసెన్సు పుచ్చుకొని వేటాడు పద్ధతియు అంతరించెను. ఇది ఉత్తమమైన పనియే యని నా నిశ్చితాభిప్రాయము. కాయ ఊరిన వేరుసెనగ చేనిని అడవిపందులు ఒక్క రాత్రిలో పెకలించిపోగా, తెల్లవారి గట్టున కూలబడిన రైతు దుఃఖము నేనెరుగనిది కాదు. ఆ దుఃఖమునకు కంచెయు పరిహారమును మందుగాని, వినోదార్థము తుపాకి పట్టుకొను వానికి దానిని సాకుగా ఇయ్యరాదు.

వేట పోయినను తొలి అడవిప్రయాణపు ఉత్సాహము చావలేదు. హిందూపురమునుండియు ధర్మవరమునుండియు యువకులు కెమెరాలు మెడను వేసికొని పెనుకొండకు వచ్చుచున్నారు. గుంతకల్లునుండి బెంగుళూరునకు పోవు రైలుదారిలో ఆ రెండూళ్ల నడుమనే పెనుకొండ స్టేషనున్నది. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట తిరుమలదేవరాయలు రాజధానిగా చేసికొనిన ఊరది. గగనమహలు నీడను కొంతసేపు నిలిచి, బురుజులను దాటి కాలిదారి పట్టినవారికి అర్ధగంట గడువకమునుపే సంచియొక్క గుణదోషములు భుజములలో తెలియును. ఎండ గుండ్లమీద పడి మరల ముఖమునకు కొట్టును. వానలకు మొగమువాచిన మన సీమలో నీటిని వెంట తీసికొని పోవలసినదే. ముగ్గురు పోయినచో మువ్వురకును మూడేసి లీటర్లు వలయును. లీటరు నీరు కిలో బరువు. కనుక సంచిలో సగము బరువు నీటిదే యగును.

బ్యాగు కొందమని అంగడికి పోయినవారికి మొదట కనబడునవి వెలయు, రంగును, జేబుల సంఖ్యయు. ఈ మూటిలో వెల యొక్కటే ముఖ్యము. తక్కిన రెండును కంటికి ఇంపు. గుడ్డ దిట్టతనమును డెనియర్లలో చెప్పుదురు: 9,000 మీటర్ల పొడవుగల పోగు ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు. ధర్మవరపు నేతగానికి ఈ లెక్క నేర్పబనిలేదు. ఆతని మగ్గముమీది పట్టుపోగునకును ఇదియే కొలత. హిందూపురపు మార్కెట్టులో రైతులు రాశులుగా పోసి అమ్ము పట్టుగూళ్లనుండి తీసిన ముడిపట్టు 20 డెనియర్ల పైచిల్లరగా నుండును. చవుక సంచులకు వాడు పాలియెస్టరు 600 డెనియర్లది సర్వసాధారణము. అంత సన్నని పట్టుతో తరతరములు నిలుచు చీరను నేయువారి ఊరిలో పుట్టినవానికి, పోగు లావు ఒక్కటే బలము కాదని వేరుగ చెప్పవలెనా?

సంచి తెగుట సాధారణముగా కుట్టు వద్దనే. కనుక భుజపట్టీ పైకొస సంచిని కలియుచోటును లోపలివైపునకు త్రిప్పి, వెలుతురున పట్టి చూడుడు. ఒంటివరుస కుట్టు వేసి దారపుకొసలను అట్లే విడిచినచో ఆ సంచి నీటి బరువునకు నిలువదు. పట్టీ కొస అతుకులోనికి బెత్తెడు దూరి, దానిపై చతురస్రముగా కుట్టును, ఆ చతురస్రమున మూలనుండి మూలకు అడ్డకుట్టును పడియుండినచో నిశ్చింతగా కొనవచ్చును. తక్కిన గుణములన్నియు కుదిరి ఇది యొక్కటి కొరవడినను బెంగ వలదు: బజారులో చెప్పులును సంచులును కుట్టువానికి ఇచ్చినచో మైనపుదారముతో ఆ అడ్డకుట్టును తానే వేసియిచ్చును. జిప్పు బిగిసినచో కొవ్వొత్తిని పండ్లమీద రుద్దిన చాలును. వాన భయమున్నవారు సంచిపై కప్పు ముసుగునకు వేరుగ డబ్బు పెట్టుటకంటె, మందపాటి ప్లాస్టిక్కు సంచి నొకదానిని లోపల పరచి అందులో వస్తువులను సర్దుకొనుట మేలు. నీరు వీపువైపునుండి దిగినను లోపలికి పోదు.

పొడవును గూర్చి మన అంగళ్లలో అడుగువారు లేరు, చెప్పువారును లేరు. మెడ వంచినప్పుడు వెనుక పొడుచుకొని వచ్చు ఎముకనుండి తుంటిఎముక పైఅంచు మట్టమువరకు టేపుతో కొలిచిన అది వీపు పొడవు. సంచి ఆ పొడవునకు తగియుండి, నడుముపట్టీ తుంటిఎముకమీద కూర్చున్నచో, బరువులో పెద్దపాలు భుజములనుండి కాళ్లమీదికి దిగును. పట్టీ పొట్టమీద బిగియునట్టి సంచిని ఉచితముగా ఇచ్చినను పుచ్చుకొనరాదు. ఒక్కనాటి కొండకు 20 లేక 25 లీటర్ల సంచి చాలును. శరీరపు బరువులో పదవపాలు మించి మోయక పోవుట మంచిది, అనగా 60 కిలోల మనుష్యునకు 6 కిలోలు. 60 లీటర్ల సంచి చవుకగా దొరకినదని కొనినవాడు, చోటున్నదిగదా యని దుప్పటిని, తిండిని, అక్కరలేని గుడ్డలను కుక్కి, మొదటి బురుజు వద్దనే కూలబడును.

కొనకమునుపు చేయవలసినదొకటి గలదు, దానికి సిగ్గుపడరాదు. “అన్నా, అయిదు కేజీల బియ్యం మూట ఏదన్నా ఉంటే దీంట్లో పెట్టియ్యి, వీధి కొస దాకా నడిచొస్తా” అని అడుగుడు. మంచి అంగడివాడు కాదనడు. పది నిమిషములు నడచినపిమ్మట పట్టీ మెడను కోయుచున్నదా, సంచి వెనుకకు లాగుచున్నదా తెలిసిపోవును. బరువైనదానిని వీపునకు ఆనించి, భుజపుటెముకల నడుమ మట్టమున పెట్టించుకొనుట మరువరాదు; అడుగున పడవేసిన బరువు మంచి సంచిని కూడ చెడ్డదానిగా చూపును.

ఈ కొలతలేవియు తెలియని మన గొర్రెల కాపరులు వాటి సారమును తరతరములుగా ఎరిగినవారే. భుజముమీద మడిచిన కంబళి, దానియంచున కట్టిన గుడ్డలో సంగటిముద్దయు ఊరుబిండియు, చంకను వ్రేలాడు సొరకాయబుర్రలో నీరు: అంతే వారి సరంజామా. ఆ కంబళియే వానకు గొడుగు, రాత్రికి పరుపు, ఈనిన గొర్రె అడవిలో పడియున్నచో దాని పిల్లను చుట్టుకొని తెచ్చు ఊయల. వారిదియు తిరుగుప్రయాణమునకు ఏర్పరచిన మూటయే. పోవునప్పుడు లేని గొర్రెపిల్ల వచ్చునప్పుడు వీపున ఉండవచ్చునను ఎరుక వారికెప్పుడును గలదు.

నేడు కొండనుండి మనము దింపుకొని రావలసినది మాంసము కాదు. మనము ఎక్కించిన సీసాలు, బిస్కత్తు కాగితములు, గుట్కా పొట్లములు. నరసింహస్వామి గుడికి పోవు దారిలోను, కోట గోడల సందులలోను అవి పేరుకొనియుండుట చూచి నా మనస్సు కలతపడినది. రాయలవారు రాజధానిగా ఏలిన కొండకు ఇంత చెత్త పట్టరాదు. మోసికొని ఎక్కగలిగిన సీసా ఖాళీయైన పిమ్మట మోయలేనంత బరువగునా?

మరియొక మాట. వేటగాడు నిశ్శబ్దముగా పోవలెను. నేటి యాత్రికుడట్లు పోరాదు. ఈ కొండలలో చిరుతలును ఎలుగుబంట్లును ఉన్నవి; సీతాఫలములు పండు దినములలో ఎలుగులు పొదల వెంట తిరుగుచుండును. కావున ముగ్గురు నలుగురు కలసి, ప్రొద్దు బాగుగ పొడిచినపిమ్మట బయలుదేరి, మాటలాడుకొనుచు నడచి, సందెపడకమునుపే దిగిరండు. తినుబండారములను సంచిలోపల మూతబిగించి ఉంచుకొనుడు. సంచి అడుగున ఒక ఖాళీ గోతమును మడిచి పెట్టుకొని పొండు. దిగునప్పుడు దానికి పని తగులును.